పారితే మంచిదే అన్నాను

నిన్న పొద్దున మా దుకాణం పక్కనున్న మందుల షాపు ముందు ఒక అమ్మాయి చంటిపిల్లను భుజాన వేసుకొని నిలబడింది. పిల్ల చెవిలో దూది, దూది మీద పసుపుపచ్చని చీము మరక. షాపతను అద్దాల వెనుక నుంచే చూసి, "పారుతాందా? పారనీయి చెల్లె, ఫికర్ చెయ్యకు. లోపలి చెడంత బయటికి పోతది. జర ఈ చుక్కలెయ్యి" అని ఒక చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టాడు. నేను లేచి వెళ్ళి ఆ సీసా తీసి అతని చేతిలోనే పెట్టాను. "దాని చెవిల చూసినవా నువ్వు?" అని అడిగాను. "గింత దానికి గంత కోపమేంది సేటూ? మీ బిడ్డకు గూడ మా నాయన గివే ఇచ్చిండు గద" అన్నాడు నవ్వుతూ. అవును, ఇచ్చాడు. చేయి చాపి తీసుకున్నది నేను. ఆ అమ్మాయిని ఆటో ఎక్కించి పిల్లల డాక్టరు దగ్గరికి పంపి వచ్చి కూర్చున్నాను.

మాది జంపఖానాల దుకాణం. సరుకు కొత్తవాడ మగ్గాల మీద నుంచి వస్తుంది. కట్ట విప్పగానే నేను చేసే మొదటి పని తెల్లగుడ్డ తడిపి జంపఖానా మూల మీద రుద్దడం. గుడ్డకు కాస్త రంగు అంటిందంటే, నేసినవాడు ఎంత పాత పరిచయమైనా సరే, ఆ కట్ట అదే బండిలో వెనక్కి పోవాల్సిందే. కొనేవాళ్ళూ తక్కువ వాళ్ళేం కాదు. నేల మీద పరిచి తొక్కే గుడ్డ కోసం గోరుతో గీకి, వాసన చూసి, వెలుతురులోకి తీసుకుపోయి తిప్పి తిప్పి చూస్తారు. అదే మనుషులం పిల్లకు జబ్బు చేస్తే మాత్రం, బల్లకు అవతల ఉన్నవాడు ఏ సీసా తీసిస్తే దాన్ని జేబులో వేసుకొని ఇంటికి పోతాం. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా ఇళ్ళలో చెవిపోటును ఎవరూ జబ్బుగా లెక్కించేవాళ్ళు కాదు. వానలతో పాటు వచ్చి నాలుగు రోజులుండి పోయే చుట్టం అది. నా బిడ్డ కొత్తగా బడికి పోతున్న ఏడు దానికి జలుబు చేసింది, జ్వరం వచ్చింది, కుడిచెవి పట్టుకొని ఏడ్చింది. తరువాత ఒక పొద్దున దిండు తడిసి ఉంది, ఏడుపు ఆగిపోయింది. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. "పారింది, ఇగ నయమైనట్టే. ఆపొద్దు, ఆపితే మెదడుకెక్కుతది" అన్నది అమ్మ. ఎల్లిగడ్డ రెబ్బలు వేసి కాచిన నూనె గోరువెచ్చగా చేసి ఆ చెవిలో పోసింది. నేను బిడ్డ తల కదలకుండా పట్టుకున్నాను.

నా భార్య ఒక్కతే నమ్మలేదు. "ఓసారి దవాఖానల చూపిత్తె ఏం పోతది?" అన్నది. "పారితే మంచిదే. నా చెవి పారలేదా చిన్నప్పుడు? నేను చచ్చిన్నా?" అన్నాను. శ్రావణంలో పెళ్ళిళ్ళ కాలం, దుకాణంలో గిరాకీ, అడిగినందుకే నాకు చిరాకు. చెవి ఆగేది, మళ్ళీ పారేది. నేను మళ్ళీ పక్క షాపు నుంచి చుక్కలు తెచ్చేవాణ్ణి.

వానలు తగ్గుముఖం పట్టే సరికి బిడ్డ పిలిస్తే పలకడం మానేసింది. మొండితనం అనుకున్నాను. "పిలుత్తె పలుకవేందే, చెవుల సీసం పోస్కున్నవా?" అని కొనడానికి వచ్చినవాళ్ళ ముందే అరిచేవాణ్ణి. పోసింది మేమే, సీసం కాదు, ఎల్లిగడ్డ నూనె. ఒకరోజు మంచినీళ్ళు తెమ్మని పిలిస్తే తిరిగి చూడలేదని చెంప మీద కొట్టాను. అది ఏడవలేదు. ఎందుకు కొట్టానో తెలియనట్టు చూసింది. నిజంగానే తెలియదని నాకు తట్టలేదు.

పిల్లకు సరిగ్గా వినపడట్లేదని బడిలో పంతులమ్మ చెబితే నా భార్య నాకు చెప్పకుండా బిడ్డను చెవి డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, అక్కడి నుంచి నాకు కబురు పెడితే పోయాను. డాక్టరమ్మ పెద్దావిడ. "ఇన్నాళ్ళూ ఎవరు చూశారు?" అని అడిగింది. మందుల షాపాయన అన్నాను. "చెవిలోకి లైటు వేసి చూశాడా?" లేదన్నాను. "పారితే నయమైతదని అనుకున్నం మేడమ్." ఆమె కాగితం మీద చెవి బొమ్మ గీసి చెప్పింది. "కర్ణభేరికి చిల్లు పడితే గాని చీము బయటికి రాదు. నొప్పి తగ్గేది అందుకే. చిల్లు పడ్డ చెవిలో నూనె పోశారు మీరు. ఎడమచెవిలోనూ నీరు నిలిచింది, అందుకే పిలిస్తే వినపడట్లేదు. మొదట్లోనే చూపిస్తే మామూలు మందులతో మానిపోయేది." బయటికి వచ్చాక నా భార్య ఒక్క మాటే అన్నది. "ఇప్పుడన్న దాని మీద అరువకు."

తరువాత ఆపరేషన్ చేయించాం. చిల్లు మూసుకుంది, ఎడమచెవి బాగయింది గాని, కుడిచెవికి వినికిడి సగమే మిగిలింది. బిడ్డ ఇప్పుడు హనుమకొండలో ఉద్యోగం చేస్తోంది. ఎవరు మాట్లాడినా ఎడమచెవి అటు తిప్పుతుంది. మొన్నామధ్య ధైర్యం చేసి, "నిన్ను ఊకె తిట్టిన బిడ్డా, అందరి ముందట తిట్టిన" అన్నాను. "తిట్టినట్టు నాకు సరిగ్గ ఇనపడలే బాపు. నీ మొఖం ఎర్రగయ్యేది, నోరు కదిలేది. నేనేం తప్పు జేసిన్నో అని కాళ్ళ దిక్కు, చేతుల దిక్కు చూస్కునేదాన్ని" అన్నది. నన్ను నొప్పించాలని అనలేదు. గుర్తున్నది చెప్పింది, అంతే.

అమ్మకు తెలియదు, పక్క షాపాయనకు తెలియదు, నాకూ తెలియదు. తెలియకపోవడం మీద కాదు నా కోపం. తెలియదని ఒప్పుకొని తెలిసినవాళ్ళను అడగడానికి ఇంటి నుంచి ఎంతో దూరం లేదు, అయినా పోలేదు. ఇంకొంతకాలం చూద్దామని అనుకుంటూ గడిపేశాను. అలా చూస్తూ గడిపిన ఆ వానాకాలంలో పోయేది నా కాలమే అనుకున్నాను. పోయింది నా బిడ్డ వినికిడి.