గీత దాటితే మిల్లంతా బంద్

ఆ రోజుల్లో, అంటే తొలి ఉద్యోగంలో చేరిన కొత్తలో, గొంతు పెద్దగా ఉన్నవాళ్లందరికీ విషయం కూడా తెలిసే ఉంటుందని నమ్మేదాన్ని. బోధన్ దగ్గర ఒక రైస్ మిల్లులో కంప్యూటర్లు చూసుకోవడం నా పని. నా పైఅధికారిని చాటుగా 'కంట్రోల్ సార్' అనేవాళ్లం. హైదరాబాదులో ఏదో శిక్షణకు వెళ్లొచ్చి (అక్కడి భోజనాల గురించి మాత్రం వివరంగా చెప్పాడు), సర్వర్లో ప్రతి ప్రోగ్రాముకూ ఇంత మెమరీయే వాడాలని హద్దు పెట్టించాడు. మామూలుగా అయితే హద్దు దాటిన ప్రోగ్రామునొక్కదాన్నే కెర్నెల్, అంటే యంత్రాన్నంతా నడిపించే మూల ప్రోగ్రాము, ఆపేస్తుంది. ఆయనకది చాలలేదు. "ఒక్కటి గీత దాటినా మొత్తం మిషిన్ బంద్ గావాలె. గప్పుడే భయం ఉంటది," అన్నాడు. భయం ఎవరికో అడగకుండా ఆ సెట్టింగూ పెట్టేశాను.

వరికోతలొచ్చాయి. కాంటా ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరాయి. కోటగిరి నుంచి మా బాపు కూడా వచ్చాడు. "గీ కాంటా కంప్యూటర్ నా బిడ్డనే సూస్తది," అని పక్క ట్రాక్టరాయనకు గొప్పగా చెబుతుండగానే తూకం చీటీల ప్రోగ్రాము తన హద్దు తాకింది, కెర్నెల్ కుప్పకూలింది, దాంతో మిషినంతా బంద్. మెమరీ సగానికి పైగా ఖాళీగానే ఉంది! మళ్లీ లేపితే ఆగిన చీటీలన్నీ ఒక్కసారే మీదపడి మళ్లీ కూలింది. పైన మబ్బు కమ్ముతోంది.

"హద్దు ఎక్కువైంది, ఇంక తగ్గియ్యి," అన్నాడు సార్. తగ్గిస్తే ఇంకా తొందరగా కూలింది. (ఆయన మొహంలో దిగులు లేదు, శిక్ష సక్రమంగా అమలవుతోందన్న తృప్తి ఉంది.)

బాపు కిటికీ దగ్గరికొచ్చాడు. "బిడ్డా, వాన దిగుతున్నది. వడ్లు తడిస్తె మీ సారు కొంటడా?"

"సార్, జర పక్కకు జరుగుండ్రి," అన్నాను. హద్దు పెంచి, ఆయనగారి భయం సెట్టింగు పీకేశాను.

"నన్ను అడగవా?" అని అరిచాడాయన.

"వానను అడుగుండ్రి సార్."

చీటీలు రావడం మొదలైంది. బాపు వడ్లు దిగాకే చినుకు పడింది. వెనకున్నవాళ్లు టార్పాలిన్లు కప్పుకొని బూతులు తిట్టారు. మర్నాడు ఓనరు, మిల్లును గట్టెక్కించినందుకు కంట్రోల్ సారుకు శాలువా కప్పాడు. సారును అడగకుండా సెట్టింగు పీకినందుకు నాకు చీవాట్లు. నౌకరీ ఎక్కడ పోతుందోనని తలవంచుకొని అన్నీ విన్నాను.

"ఏమాయె బిడ్డా, నౌకరి పోయిందా?" అన్నాడు బాపు ఫోన్లో.

"పోలే బాపు."

"అయ్యో!" అన్నాడు, నిజంగానే జాలిపడుతూ.

ఆ నౌకరీ కోసం అంతగా వణికిన పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పక్కన కూర్చోబెట్టుకొని ఓ చాయ్ తాగించాలనీ అనిపిస్తుంది.