హారతికి అడ్డుపడ్డాను

నిరుడు మా అక్కాబావలు మెట్టుగూడలో ఇల్లు కట్టుకోవడానికి స్థలం కొన్నారు. అక్కడ ఒకప్పుడు పెట్రోలు బంకు ఉండేది. ముగ్గు పోసి పునాదికి పూజ చేసే రోజు ఇద్దరూ ఈశాన్యంలో తవ్విన నడుంలోతు గుంతలోకి దిగి ఇటుకలు పెట్టారు. పంతులుగారు హారతి ఇవ్వమన్నారు. బావ అగ్గిపెట్టె తీశాడు.

అప్పుడే నాకు గుంతలోంచి గుప్పున పెట్రోలు వాసన కొట్టింది. పదో తరగతితో బడి మానేసిన నాకు చదువంతా లైబ్రరీలోనే. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువనీ, పల్లంలో పేరుకుంటుందనీ అక్కడే చదివాను.

“బావా, పుల్ల గీయకు! పైకి రాండ్రి!” అని అరిచాను.

“ఏందిరా నీ లొల్లి? ముహూర్తం దాటిపోతది,” అన్నాడు బావ.

“బంకు మట్టి వాసన రాదా? నీ లైబ్రరీ సదువు ఇంటికాడ చూపెట్టు,” అంది అక్క. చుట్టాలు నవ్వారు.

బావ పుల్ల బయటికి తీశాడు. నేను గుంత అంచున బోర్లా పడి అగ్గిపెట్టె లాక్కున్నాను. అక్క చేతిలోని హారతి పళ్లెం జారి కర్పూరం మట్టిపాలైంది. అపశకునమని అక్క ఏడ్చేసింది.

నా పోరు పడలేక బావ మర్నాడు మట్టి పరీక్ష చేసేవాళ్లను పిలిపించాడు. వాళ్లు పెట్రోలు ఆవిరిని పసిగట్టే పరికరాన్ని గుంతలోకి దించగానే అది ఆగకుండా మోగింది. పక్కనే తవ్వితే తుప్పుపట్టి కారుతున్న ట్యాంకు బయటపడింది.

బావ నా దగ్గరికి వచ్చి, “బామ్మర్దీ, ఇంకేమేం సదివినవో ఇప్పుడే చెప్పు, గోడలు లేవకముందే,” అన్నాడు.

ట్యాంకునూ చుట్టూ ఉన్న మట్టినీ తీయించి, మళ్లీ పరీక్ష చేయించాకే ఇల్లు మొదలుపెట్టారు.

చుట్టాలు నవ్వినప్పుడు నేను ఒక్క క్షణం వెనక్కి తగ్గబోయాను. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు చల్లబడుతుంది.