గంగమ్మ గడ్డానికి మూడిళ్ల మన్ను

మా కాలేజీ వక్తృత్వ బృందం ఏటా తిరుపతిలో ఒక నమూనా సభ జరుపుతుంది. ప్రపంచ దేశాలన్నీ సభ్యులుగా కూర్చునే పెద్ద సభకు అది చిన్న అనుకరణ. ఎవరు ఏ దేశం తరఫున మాట్లాడాలో చీటీ తీసి నిర్ణయిస్తారు. కిందటేడు నా చీటీలో సముద్రం మధ్యనున్న ఒక చిన్న ద్వీపదేశం వచ్చింది. మా మండలంలో ఉన్నంత మంది కూడా ఆ దేశంలో లేరు. చర్చాంశం ఉమ్మడి బడ్జెట్టు: సభ నడవడానికి ఏ దేశం ఎంత ఇవ్వాలి?

వాదనకు సిద్ధం కావడానికి ఆ నియమాలు చదవడం మొదలుపెట్టాను. చదువుతున్నకొద్దీ వాదన సంగతి మరిచిపోయాను. ప్రతి దేశానికీ దాని ఆదాయాన్ని బట్టి, జనాన్ని బట్టి, మోస్తున్న అప్పును బట్టి వాటా వేస్తారు. కొన్నేళ్లకొకసారి ఆ వాటాలను తిరిగి చూస్తారు. ఎంత సంపన్న దేశమైనా ఒక హద్దుకు మించి ఇవ్వనక్కరలేదు. సభ మొత్తం ఒక్కరి చేతి మీద ఆధారపడకూడదు గనక. ఎంత పేద దేశమైనా బొత్తిగా ఇవ్వకుండా ఉండటానికి వీల్లేదు. దానికీ ఒక కనీస వాటా ఉంటుంది. సర్వసభ్యుల ఓటింగు వచ్చేసరికి ఇద్దరిదీ ఒక్కొక్క ఓటే. నిన్నమొన్నటిదాకా యుద్ధాలు చేసుకున్నవాళ్లు, ఒకరి భాష ఒకరికి తెలియనివాళ్లు కూర్చుని, ఇంత ఓపికగా, ఇంత సూక్ష్మంగా ఒక ఏర్పాటు చేసుకున్నారన్నది నాకు నమ్మశక్యం కాలేదు. హాస్టలు మిద్దె మీద ఆ కాగితాలు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయాను.

సభలో ఒక సంపన్న దేశం తరఫున మాట్లాడిన సీనియరు నా వైపు తిరిగి చిరునవ్వుతో అన్నాడు: "గౌరవనీయ ద్వీపదేశ ప్రతినిధి గారి వాటా ఈ సభ తాగే టీ ఖర్చుకు కూడా రాదు. దాన్ని మేమే భరిస్తాం. వారు నిశ్చింతగా కూర్చోవచ్చు." చప్పట్లు మోగాయి. నేను లేచి నియమం చదివి వినిపించాను. నియమం ఉందని చెప్పగలిగాను గానీ, అది ఎందుకు ఉండాలో కేటాయించిన సమయంలో చెప్పలేకపోయాను. ఆ ప్రశ్నను మోసుకుంటూనే జాతరకు మా ఊరి బస్సెక్కాను.

మా ఊరు వడమాలపేటకు దగ్గర. చుట్టుపక్కల ఐదూళ్లకు కలిపి ఒకే గంగమ్మ. జాతర చివరి రోజు గంగమ్మ ముఖాన్ని పచ్చి మన్నుతో, మనిషికి రెండింతల ఎత్తున నిలబెడతారు. మరునాడు తెల్లవారుజామున దాన్ని పగలగొడతారు. ఆ మన్ను పెళ్ల తలా ఒకటి ఇంటికి తీసుకుపోతారు. జ్వరం వస్తే నీళ్లలో అరగదీసి నుదుటికి రాస్తారు, విత్తనాల్లో కలుపుతారు. మన్ను ఐదూళ్లూ తేవాలి. ఎవరి వాటా వాళ్లకు ఉంది. పెద్ద ఊరు గనక మా ఊరిది కిరీటమూ నుదురూ. తక్కిన మూడూళ్లవి కళ్లూ ముక్కూ, కుడిచెంప, చెవులూ మెడా. ఎడమచెంప, గడ్డం ఐదోదైన చిన్న పల్లెవి. పగలగొట్టే ముందు ఐదూళ్ల పేర్లూ వరుసగా పిలుస్తారు. పిలిచినప్పుడు ఆ ఊరివాళ్లు "ఉండాం", అంటే ఉన్నాం, అని పలకాలి. మన్ను పెట్టిన ఊరికే పిలుపు.

ఆ చిన్న పల్లె ఇప్పుడు మరీ చిన్నదయింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఇళ్లూ పొలాలూ దాని కింద పోయి, చాలామంది పుత్తూరుకో తిరుపతికో చేరారు. మిగిలినవి మూడిళ్లు. ఐదూళ్ల పెద్దలు ఆలోచించి ఎడమచెంప మా ఊరికి మార్చి, వాళ్లకు గడ్డం మాత్రం ఉంచారు. ఆ పెద్దల్లో మా నాయన కూడా ఒకరు. ఆ మాట ఆయన చెబుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. హాస్టలు మిద్దె మీద చదివిన నియమం మా పొలిమేరలో ఎవరూ రాయకుండానే నడుస్తోంది.

జాతర చివరి రోజు నేను ముఖం నిలబెట్టే మిట్ట మీదికి వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. కుమ్మరాయన నిచ్చెన మీదుండి కిరీటం నునుపు చేస్తున్నాడు. ముఖంలో ఒక్కో ఊరి మన్ను ఒక్కో రంగులో కనబడుతోంది. కిరీటం ఎరుపు, ముక్కు నలుపు, మెడ బూడిదరంగు. ఐదూళ్ల నేల లేచి నిలబడి మమ్మల్ని చూస్తున్నట్టుంది. గడ్డం కూడా ఎర్రగా ఉంది. చిన్న పల్లెది తెల్లటి చవుడు మన్ను. ఎర్రగా ఎందుకుందో నాకు అర్థం కాలేదు.

అంతలోనే ఆ పల్లె నుంచి ఒక అవ్వ నెత్తిన తట్టతో మిట్టెక్కి వచ్చింది. వెనక ఆమె కోడలు మరో తట్టతో వస్తోంది. అవ్వ విగ్రహాన్ని కింది నుంచి పైకి చూసింది.

"ఏమప్పా, గడ్డం ఎవురు పెట్టినారు?"

"మేమే పెట్టేసినాం అవ్వా," అన్నాడు మా ఊరి కుర్రాళ్లలో ఒకడు, మంచిపని చేసిన సంతోషంతో. "మూడిండ్లోళ్లు ఈ ఎండలో యాడ మోస్తారులే అని. పోయి నీడన కూచో."

"కూచునేకి వచ్చేదానికి తట్టెందుకురా?"

"రెండు తట్టలతో ఏమవుతాది? గంగమ్మకు ముక్కుపుడక గూడా రాదు."

"నీ నోటికి సరిపోతాదిలే, తెరు."

అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. తట్ట కూడా దించలేదు. మా నాయన ఆమె దగ్గరికి వెళ్లి, "పెద్దమ్మా, తప్పుగా అనుకోబాక. పిల్లోళ్లు మీకు బరువు తగ్గిద్దామని చేసినారు. పిలుపు మీ పల్లెకూ ఉంటాది," అన్నాడు.

"మన్ను మీది, పిలుపు మాదా? రేపు మా పేరు పిలిస్తే నేను ఏ మొకం పెట్టుకోని ఉండామనేది? చుట్టాలింటికి పెండ్లికి వచ్చినట్ల నిలబడుకోవాల్నా?"

సభలో నాకు దొరకని మాట అదే. ఇవ్వనివాడు అతిథి అవుతాడు. అతిథిని ఎంతైనా గౌరవించవచ్చు, కానీ పొమ్మంటే పోవలసినవాడే.

"నాయనా, ఒకటి అడగాల," అన్నాను.

"నువ్వు అడక్కుండా యానాడు ఉన్నావు? అడుగు."

"చెంప మోయలేరని గడ్డానికి తగ్గించినారు. సరే. గడ్డం గూడా మోయలేకపోతే ఇంకా తగ్గించొచ్చు. అసలు లేకుండా తీసేసేదానికి ఎవురు ఒప్పుకున్నారు? అవ్వను అడిగినారా?"

"కాలేజీలో గంగజాతర గూడా చెప్తారా పాపా?" అన్నాడు నిచ్చెన మీది కుమ్మరాయన.

"దేశాల సభలో ఇట్లే ఉండాది మామా. ఎంత చిన్న దేశమైనా ఏమీ ఇయ్యకుండా ఉండకూడదు."

"వాళ్లు గూడా మన్నే మోస్తారా?"

మళ్లీ నవ్వులు. కానీ ఆయన దిగి వచ్చి, అవ్వ తట్టలోంచి పిడికెడు మన్ను తీసి నలిపి చూశాడు. ముఖం మారింది. "ఎర్రమన్ను అప్పుడే బిగుసుకోనుండాది. దీంట్లో ఇసకెక్కువ. రెండూ అతుక్కోవు. తెల్లారేలోగా గడ్డం రాలిపోతే ఐదూర్లకూ మంచిది కాదు. ఆ నింద ఈమె మీద పడతాది."

అవ్వ చేతులు తట్ట అంచును గట్టిగా పట్టుకున్నాయి. "రాలితే రాలనీ అనేదానికి నాకు నోరు రాదు," అంది మెల్లగా.

మా నాయన కిరీటం వైపు చూశాడు. "పోయిన జాతరలో మా కిరీటం బీటలిచ్చింది కదా. మమ్మల్ని మన్ను మానుకోమని ఎవురన్నా చెప్పినారా? తియ్యప్పా గడ్డం."

కుమ్మరాయన ఎర్ర గడ్డాన్ని పారతో గీకేశాడు. ఆ చోట పుల్లతో అడ్డంగా, నిలువుగా గాట్లు పెట్టి నీళ్లు చల్లాడు. సన్నగా తరిగిన వరిగడ్డి కలిపి తెల్లమన్ను తొక్కించాడు. తొక్కింది అవ్వ కోడలు, ఎర్ర గడ్డం పెట్టిన ఆ కుర్రాడూ. "ఇంకా మెత్తగా తొక్కు, ముక్కుపుడకకు గూడా రాని మన్ను గదా," అని అవ్వ పక్కన నిలబడి వాణ్ని గదిమింది. పొద్దు వాలేసరికి గంగమ్మకు తెల్లటి గడ్డం వచ్చింది. అవ్వ ఆ రాత్రి ఇంటికి పోలేదు. విగ్రహానికి ఎదురుగా గోనెసంచి పరుచుకుంది.

తెల్లవారుజామున నేను పరుగున మిట్టెక్కాను. గడ్డం కింద వెంట్రుకంత చీలిక ఉంది. నిలబడే ఉంది. అవ్వ దాని మీంచి కళ్లు తిప్పడం లేదు.

డప్పులు ఆగాయి. పిలిచేవాడు మా ఊరి పేరు పిలిచాడు. వందల గొంతులతో "ఉండాం" అన్న పలుకు మిట్ట చుట్టూ తిరిగి వచ్చింది. తరువాత రెండో ఊరు, మూడోది, నాలుగోది. ఆ తరువాత అదే గొంతుతో, అంతే బిగ్గరగా, అంతే సాగదీసి చిన్న పల్లె పేరు పిలిచాడు. మూడిళ్ల మనుషులు, పుత్తూరు నుంచి బస్సులో వచ్చిన కొందరు పాతకాపులు, వాళ్ల ముందు అవ్వ.

"ఉండాం."

ఆ పలుకు చిన్నది. అందరూ దాని కోసమే ఊపిరి బిగబట్టి ఉన్నందువల్ల మిట్ట కిందిదాకా వినబడింది.

ముఖం కూలింది. జనం మన్ను మీద పడ్డారు. ఎవరి చేతికి ఏది అందితే అదే ప్రసాదం, ఏరుకోవడానికి లేదు. అవ్వ కొంగులో మా కిరీటపు ఎర్ర పెళ్ల ఉంది. మా నాయన చేతికి తెల్లటి ముక్క వచ్చింది. ఆయన దాన్ని పైపంచెలో చుట్టి, ఇంటికి వచ్చాక పొడి చేసి, మా వేరుశనగ విత్తనాల్లో కలిపాడు.