అన్నయ్య గీసిన వాదీ పటం

మొన్న బీరువా సర్దుతుంటే అడుగు అరలోంచి ఒక ఎక్స్‌రే కవరు బయటపడింది. ముప్పై ఏళ్ళు నర్సుగా పనిచేసినదాన్ని, ఎక్స్‌రే చేతికొస్తే కిటికీ వెలుగుకి ఎత్తి చూడకుండా ఉండలేను. కుడి భుజం. కీలు దగ్గర ఎముక విరిగి పక్కకి జరిగింది. పేరు చదవక్కర్లేకుండానే అది మా అన్నయ్యదని తెలిసిపోయింది. ఫిల్ము వెనకాల ఇంకో కాగితం అంటుకుని ఉంది. మా వార్డులో రోగుల జ్వరం గుర్తుపెట్టే చార్టు. దాని వెనక వైపు పెన్సిలుతో ఒక ఏరు, ఏటి మధ్య కోడిగుడ్డంత దిబ్బ, ఆ దిబ్బ మీద అన్నయ్య గుండ్రటి రాతలో ‘ఇక్కడ భోజనాలు’ అని ఉంది. బీరువా తలుపు తెరిచే ఉంచి, ఆ కాగితం ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూలబడ్డాను.

డెబ్బైల మధ్యలో నేను మస్కట్‌లో, ఖురం అనే పేటలో ఉన్న ఒక ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. ఇప్పుడు ఖురం అంటే పెద్ద పెద్ద షాపులూ ఆఫీసులూ అంటున్నారు గానీ, నాకు తెలిసిన ఖురంలో ముళ్ళపొదలూ మేకలూ ఉండేవి. నర్సుల క్వార్టర్సులో సగం మంది మా గోదావరి, కృష్ణా జిల్లాల క్రైస్తవుల పిల్లలమే. ఆదివారం డ్యూటీ ఉండేది కాబట్టి మా ప్రార్థన శుక్రవారం జరిగేది. ఆ రోజుల్లో ఎవరికి కాస్త పలుకుబడి ఉన్నా ఇంటి నుంచి ఒకర్ని రప్పించడం రివాజు. నేను మా అన్నయ్యని రప్పించాను. అజైబాలో ఒక కంపెనీ క్యాంపులో పైపుల పని. నరసాపురం దగ్గర కాలవ లాకుల మీద పదేళ్ళు కూలికి చేసిన మనిషికి నీళ్ళ పైపులు ఒక లెక్కా అనుకున్నాను. తెలివైనదాన్ననుకున్నాను కూడా.

మా అన్నయ్యకి లాకుల దగ్గర ఉద్యోగం పేరుకి మాత్రమే కూలి. గోదారి ఎంత పెరిగిందో, ఎన్ని తలుపులు ఎత్తాలో సూపర్వైజరు కన్నా ముందు ఆయనకే తెలిసేది. వరదనీళ్ళు వచ్చే ముందు ఏటి రంగు ఎలా మారుతుందో, ఏ వాసన వేస్తుందో చెప్పేవాడు. డ్యూటీ దిగాక పడవేసుకుని లంకలో ఇసుక దిబ్బ మీదకి పోయి విసురువల వేసేవాడు. ఆయన వల విసిరితే నీళ్ళ మీద గుండ్రంగా పళ్ళెం పరిచినట్టు పడేది. ఊళ్ళో ఆడవాళ్ళు బిందెలు దించి మరీ చూసేవారు, ఆ సంగతి ఆయనకీ బాగా తెలుసు.

అలాంటి మనిషి మస్కట్ వచ్చిన నాలుగో నెలకి తిండి మానేశాడు. సముద్రం చేపలు ముత్రా బజారులో కుప్పలుగా దొరికేవి. పులుసు పెట్టి టిఫిను పంపితే తిరిగి వచ్చేది. “ఇది చేపేంటే చెల్లాయ్, ఉప్పులో ఊరిన చెక్క,” అనేవాడు. ఆయన రూమ్‌లో జగిత్యాల వైపు నుంచి వచ్చిన మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. నాకంటే రెండేళ్ళు చిన్న, నన్ను అక్కా అనేవాడు. నేను జగిత్యాల తమ్ముడు అనేదాన్ని. ఒకరోజు పని మానుకుని ఆసుపత్రికి వచ్చాడు. “అక్కా, అన్న మాట్లాడుతలేడు. డ్యూటీకెళ్ళి వచ్చి గోడదిక్కు తిరిగి పంటడు. నిన్న నాతోటి ఏమన్నడో ఎర్కేనా? నీళ్ళ సప్పుడు లేని ఊళ్ళె పాణం నిలుస్తలేదు అన్నడు. నాకు బుగులైతుందక్కా,” అన్నాడు. నాకూ భయం వేసింది. గోడవైపు తిరిగి పడుకునే మనుషుల్ని వార్డులో చూశాను. వాళ్ళలో అందరూ నడిచి ఇంటికి వెళ్ళలేదు. కాంట్రాక్టు రెండేళ్ళు, పాస్‌పోర్టు కంపెనీ దగ్గర. పంపించేయమంటే పంపించేవాళ్ళెవరూ లేరు.

ఆ గండం దాటించింది మా అంబులెన్సు డ్రైవరు. రుస్తాఖ్ అవతల కొండల కింద ఊరు ఆయనది, హిందీ బాగా మాట్లాడేవాడు. అన్నయ్య నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు మాటల్లో మాటగా, మా ఊరి వాదీలో ఏడాది పొడవునా మంచినీళ్ళ మడుగు ఉంటుంది, చేపలు కూడా ఉంటాయి అన్నాడు. అక్కడ ఏటిని వాదీ అంటారు. పేరుకే ఏరు, మడుగులు తప్పితే అంతా ఎండిన రాళ్ళూ ఇసుకా. డ్రైవరు చూపుడువేలు చూపించి చేప ఇంతే ఉంటుంది అని నిజాయితీగానే చెప్పాడు. మా అన్నయ్య ఆ వేలిని చూడలేదు. “మడుగన్నాక కొర్రమీను లేకుండా ఉంటదా? వీళ్ళకి పట్టడం రాక పైకి తేలిన పిల్లల్నే చూసుంటారు,” అన్నాడు. ఆ రోజు క్యాంటీనులో రెండు ప్లేట్ల అన్నం తిన్నాడు. నేను బాత్రూములోకి పోయి ఏడ్చి వచ్చాను.

అప్పటికి ఈస్టరు ముందు వచ్చే శ్రమల దినాలు మొదలయ్యాయి. ఈస్టరు పండుగ వెళ్ళిన మొదటి శుక్రవారం ప్రయాణం అని ఖాయం చేశాడు. నలభై రోజులూ అదే ధ్యాస. దేవుడు క్షమించాలి, ఆ ఏడు మేం ఉపవాస ప్రార్థనల కన్నా గాలాల గురించే ఎక్కువ మాట్లాడుకున్నాం. ఇంటి నుంచి పరుపుచుట్టలో దాచి తెచ్చుకున్న వల బయటికి తీసి, తెగిన కళ్ళు అల్లి, ఊడిన సీసపు గుళ్ళు మళ్ళీ కట్టాడు. ఎరకి వానపాములు కావాలన్నాడు. ఆ ఇసుకదేశంలో వానపాము ఎక్కడిది? చివరికి మా ఆసుపత్రి తోటలో రోజూ నీళ్ళు పోసే గులాబీ మడి ఒకటి గుర్తొచ్చింది. డ్యూటీ దిగి, యూనిఫారంలోనే గరిటెతో ఆ మడి తవ్వుతుంటే మేట్రన్ పట్టుకుంది. ఏం చేస్తున్నావంటే మట్టి పరీక్ష అన్నాను. ఇంకేమీ తోచలేదు. ఆరు వానపాములు దొరికాయి. డాల్డా డబ్బాలో తడిమట్టి వేసి ఇస్తే అన్నయ్య వాటిని చంటిపిల్లల్లా చూసుకున్నాడు.

ఈ పటం ఆ రోజుల్లో గీసిందే. డ్రైవరుని కూర్చోబెట్టి మలుపు మలుపూ అడిగి, నేనిచ్చిన చార్టు వెనక గీశాడు. మడుగుకి పైన, వాదీ నడుమ ఇసుక దిబ్బ ఉందని తెలియగానే ముఖం వెలిగిపోయింది. “మన లంకే చెల్లాయ్! భోజనాలు ఇక్కడే,” అని రాసేశాడు. జగిత్యాల తమ్ముడు ఆ కాగితం మీదకి వంగి చూసి తల అడ్డంగా ఊపాడు.

“వాగు నడుమ ఎవలన్న కూసుంటరా అన్నా? మా దిక్కు వాగు చెప్పి రాదు.”

“మీ వాగు సంగతి నాకు తెల్దు గానీ,” అని అన్నయ్య నవ్వాడు, “నీరనేది ఎక్కడైనా నీరే తమ్ముడూ. భద్రాచలంలో గోదారి పెరిగితే మాకు ఓ పగలూ ఓ రాత్రీ టైముంటది. ముందు రంగు మారుద్ది, తర్వాత నురగొస్తది. లాకుల్లో పదేళ్ళు చేసినోడికి వరద గురించి చెప్తావా?”

నేనూ నవ్వాను. తాతకి దగ్గులు నేర్పినట్టుంది అని ఒక సామెత కూడా విసిరాను.

ప్రయాణం ఇంకో రెండు రోజులుందనగా, బుధవారం నాడు నా వార్డులో తుంటి విరిగిన ముసలమ్మకి స్నానం చేయిస్తున్నాను. ఆవిడదీ రుస్తాఖ్ వైపు కొండపల్లె. నాకు వార్డు అరబ్బీ అప్పటికి బాగానే వచ్చు. మా అన్న మీ వైపు వాదీకి చేపలకి వెళ్తున్నాడని గొప్పగా చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. తడిచెయ్యి, అయినా బిగించి పట్టుకుంది. నెత్తి మీద ఆకాశం చూడవద్దని చెప్పు, కొండ చూడమని చెప్పు, కొండ మీద మబ్బు ఉంటే వాదీలో కాలు పెట్టవద్దని చెప్పు అంది. వాళ్ళాయన నడినెత్తిన ఎండ కాస్తుండగా రెండు గాడిదలతో సహా కొట్టుకుపోయాడట. ఒక్క చినుకు కూడా పడలేదట ఊళ్ళో. చెప్తానన్నాను.

చెప్పలేదు. మర్నాడు సాయంత్రం అన్నయ్య క్వార్టర్సుకి వస్తే పులిహోర కట్టిచ్చాను, ఉడికించిన గుడ్లు ఇచ్చాను, ఆ మాట మాత్రం ఇవ్వలేదు. చెబితే వెళ్ళడం మానేస్తాడని కాదు నా భయం. మానేసి మళ్ళీ గోడవైపు తిరుగుతాడని. నలభై రోజులుగా ఆ మనిషిని బతికించింది మందూ కాదు, నేనూ కాదు, ఆ కాగితం. నా చేత్తో దాన్ని ఎలా చింపను? శుక్రవారం తెల్లవారాక డ్రైవరు బండి మా క్వార్టర్సు ముందుకి వచ్చింది. అన్నయ్య వల భుజాన వేసుకుని, వానపాముల డబ్బా ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు, జగిత్యాల తమ్ముడు వెనక ఎక్కాడు. వాళ్ళు వెళ్ళే వైపు, చాలా దూరంగా, కొండల మీద బూడిదరంగు గీత ఒకటి కనిపించింది. మబ్బో, ఎండకి ముందు ఉండే మసకో తెలియలేదు. తెలియలేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. బండి కిటికీ పట్టుకుని, “అన్నయ్యా,” అన్నాను. “ఏంటే?” అని నవ్వుతూ తల బయటపెట్టాడు. మస్కట్ వచ్చాక ఆయన పళ్ళు కనబడేలా నవ్వడం అదే మొదటిసారి. “జాగ్రత్త,” అన్నాను. అంతే.

తర్వాతది జగిత్యాల తమ్ముడు చెప్పగా విన్నదే. డ్రైవరు వాళ్ళని వాదీ గట్టు మీద దింపి, సాయంత్రం వస్తానని తన ఊరికి వెళ్ళాడు. మడుగులో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. చేపలు వేలంతే ఉన్నాయి. అన్నయ్య వల మూడుసార్లు వేశాడు, మూడుసార్లూ చేపలు వల కళ్ళలోంచి జారిపోయి, పోతూ పోతూ ఆయన కాళ్ళు గిల్లాయి. అయినా ఆయన హుషారేం తగ్గలేదట, చిన్నపిల్లాడిలా కేకలు పెట్టాడట. మధ్యాహ్నం దిబ్బ మీద పొట్లం విప్పాడు. తమ్ముడు రానని మొండికేసి గట్టు రాళ్ళ మీదే కూర్చుని తిన్నాడు. ఎండ మాడ్చేస్తోంది, నెత్తిన మబ్బు తునకైనా లేదు. అప్పుడు వాదీ ఎగువ నుంచి, సైట్‌లో లారీ కంకర దించినట్టు చప్పుడు వినబడింది. తమ్ముడు లేచి, “అన్నా ఉరుకు!” అని అరిచాడు. మా అన్నయ్య లేచి ఆకాశం చూశాడు. తర్వాత మడుగు చూశాడు, రంగు మారిందేమోనని. మారలేదు. ఇంకా టైముందిలే అని చెయ్యి ఊపి, ఆరేసిన వల మడత పెట్టసాగాడు.

తమ్ముడు గట్టు దిగి పరుగెత్తి, చొక్కా పట్టి ఈడ్చాడు. ఇద్దరూ ఒడ్డు రాళ్ళు అందుకునే లోపే నీళ్ళు వచ్చిపడ్డాయి. నీళ్ళని కూడా అనలేను, బురదా రాళ్ళూ చెట్లూ. ఒక రాయి దొర్లుకుంటూ వచ్చి అన్నయ్య కుడి భుజానికి తగిలింది. తమ్ముడు ఎడమచెయ్యి వదల్లేదు. వలా, డాల్డా డబ్బా, దిబ్బా, కాసేపటికి ఏవీ లేవు. డ్రైవరు సాయంత్రం వాళ్ళని ఆసుపత్రికి తెచ్చేసరికి డ్యూటీలో ఉన్నది నేనే. అన్నయ్య జేబులో తడిసి నానిన ఈ కాగితాన్ని నేనే తీశాను. జగిత్యాల తమ్ముడు మోకాళ్ళు చెక్కుకుపోయి నెత్తురు కారుతుంటే గోడకానుకుని నిలబడి, “మీ గోదారి పెద్దదే అక్కా. కానీ గిది వాగు,” అన్నాడు. ఆయన కాళ్ళు కడిగి కట్టు కట్టాను. అంతకంటే ఏం చేయాలో నాకు తెలియలేదు.

భుజం అతికింది గానీ చెయ్యి మళ్ళీ భుజం ఎత్తు దాటి లేవలేదు. అన్నం కలుపుకోవడానికీ సంతకానికీ పనికొచ్చింది. వల విసరడానికి చెయ్యి తల దాటాలి. విచిత్రం ఏమిటంటే ఆయన మళ్ళీ గోడవైపు తిరగలేదు. కాంట్రాక్టు పూర్తి చేసుకునే వెళ్ళాడు. తిరిగి లాకుల దగ్గరే చేరాడు, జగిత్యాల తమ్ముడు కాలం చేసేదాకా ఏటేటా వెళ్ళి చూసివచ్చేవాడు. పెళ్ళిళ్ళలో, పండుగల్లో ఎవరైనా భుజం సంగతి అడిగితే కథంతా నవ్వుతూ చెప్పి, చివర్లో ఒకే మాట అనేవాడు: “అంత దేశంలో ఒక్కడంటే ఒక్కడు, కొండ చూడరా బాబూ అని చెప్పలేదు.” ఆ మాట వచ్చేసరికి నేను ఏదో పనున్నట్టు లేచి వంటింట్లోకి పోయేదాన్ని. దాదాపు యాభై ఏళ్ళు అలాగే లేచి పోయాను.

నిన్న ఉండబట్టలేక ఫోను చేశాను. ఎనభై దాటినా గొంతు అలాగే ఉంది. పటం దొరికిందన్నాను. భోజనాలు రాసి ఉందా అని నవ్వాడు. అప్పుడు చెప్పేశాను. ముసలమ్మ సంగతి, తడిచెయ్యి, కొండ మీద గీత, అన్నీ. ఏడ్చాను కూడా. అటువైపు కుర్చీ జరుపుకున్న చప్పుడు వినబడింది.

“ఓసి పిచ్చిదానా,” అన్నాడు. “ఆ డ్రైవరు నాకూ చెప్పాడే. బండి దింపేటప్పుడు కొండ చూపించి మరీ చెప్పాడు. నేనే వినలేదు.”

“మరి ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదంటావేం?”

“లాకుల్లో పనిచేసినోడు చెప్పినా వినలేదంటే నవ్వరటే?”

ఫోను పెట్టేశాక పటం మళ్ళీ చూశాను, డ్రైవరు చెప్పిన గుర్తు ఏదైనా ఉంటుందేమోనని. అందులో కొండే లేదు. ఏరూ, దిబ్బా, భోజనాలూ, అంతే. చిన్నప్పుడు మా అన్నయ్య అబద్ధమాడితే చెవులు ఎర్రబడేవి, నాకు వెంటనే తెలిసిపోయేది. నిన్న ఆయన చెప్పింది నిజమో, చెల్లెలి బరువు దించడానికి అప్పటికప్పుడు అల్లిన మాటో నాకు తెలియలేదు. ఆ వాదీ ఆయన చేతిలోంచి వల లాగేసుకుంది గానీ, వల విసిరే నేర్పు మాత్రం ఆ మాటలో వదిలిపెట్టినట్టుంది.