దావీదన్న కొట్టుకు దారి

అది 2023 వేసవి. నెల్లూరులో ఒక జెరాక్స్ షాపు పైనున్న చిన్న గది నా ఆఫీసు. నేనేం పని చేస్తానో మా బంధువులకే సరిగ్గా తెలియదు కాబట్టి ముందు అది చెప్తాను. ఎవరైనా ఫోన్లో "దగ్గర్లో టైలరు" అనో "కోవూరులో టిఫిన్" అనో వెతికితే మ్యాప్ మీద కొన్ని కొట్లు కనిపిస్తాయి. ఒక్కో కొట్టు పేరు, నంబరు, ఫోటోలు, దారి అన్నీ కలిపి లిస్టింగ్ అంటాం. చిన్న కొట్లవాళ్ళకు అది తయారుచేసి, వెతికినప్పుడు పైవరసలో వచ్చేలా చూడటం నా వృత్తి. ఇందులో నాకు తిరుగులేదని అప్పట్లో నాకు మహా నమ్మకం.

దావీదన్న కోవూరు నుంచి వచ్చాడు. అరవై దాటిన మనిషి. అందరికీ దొరికే చెప్పులు సరిపోని కాళ్ళకు ఆయన కొలత తీసి కుడతాడు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళు, పోలియో వచ్చినవాళ్ళు, షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్ళు ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో వస్తారు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు బస్టాండు దగ్గరున్న కొట్టు పోయి, లోపలి సందులోకి మారాడు.

"వ్యాపారం పెరగాలంటే..." అంటూ నా పాఠం మొదలుపెట్టాను.

"పెరగబన్లేదమ్మా," అన్నాడు. "నా వాళ్ళు ఏడాదికోసారి వస్తారు. పాత చోటికి పొయ్యి, కొట్టు లేదని ఎనక్కి మళ్ళుతుండారంట. ఆ కాళ్ళతో ఎండలో ఎంతని తిరుగుతారు? నేను యాడుండానో తెలిస్తే చాలు."

ముఖ్యంగా ఒకరి గురించి బెంగ పెట్టుకున్నాడు. మనుబోలులో టీచరు, సుశీలమ్మ. ఆమె ఎడమకాలు రెండంగుళాలు పొట్టి. ఎత్తు చెప్పు అరిగితే నడుము పట్టేస్తుంది. ఆమె జత అరిగిపోయే గడువు దాటి ఆరునెలలయింది. నంబరు ఆయన దగ్గర లేదు.

"మనుబోలు పొయ్యి బళ్ళో అడగొచ్చు కదన్నా?"

"చెప్పులు కుట్టేవాడు టీచరమ్మను ఎతుక్కుంటా వచ్చినాడంటే, ఎందుకని పదిమంది అడగరా? ఆమె చీర కుచ్చెళ్ళు దించి కట్టుకోని ఇన్నేళ్ళుగా ఎవురికీ తెలీకుండా నెట్టుకొస్తుండారు."

ఆ మాట నేను విన్నాను. విన్నానే గానీ బుర్రకెక్కించుకోలేదు.

మర్నాడు కోవూరు వెళ్ళాను. చెప్పులేసుకున్న వాళ్ళ ఫోటోలు కావాలంటే దావీదన్న ఒప్పుకోలేదు. "కాళ్ళు మాత్రం చూపించబాకమ్మా," అన్నాడు. సరేనన్నాను. గోడకున్న మేకులకు అట్టముక్కలు వేలాడుతున్నాయి. ఒక్కోదాని మీద ఒక పాదం చుట్టూ పెన్సిలు గీత, కింద పేరు, ఊరు, కొలత. నాకు చాలా అందంగా కనిపించాయి. ఇవి కాళ్ళు కాదు కదా, గీతలే కదా అని నాకు నేనే తీర్పు చెప్పుకుని, ఆయన టీ చెప్పడానికి వెళ్ళినప్పుడు నాలుగు ఫోటోలు తీసి లిస్టింగులో పెట్టేశాను. "బెస్ట్ కస్టమ్ ఫుట్‌వేర్" అని పైన ఒక గొప్ప ముక్క కూడా రాశాను.

మూడు వారాల్లో లిస్టింగు పైకి వచ్చింది. సుశీలమ్మ కూడా చూసింది. దావీదన్నకు ఫోన్ చేసి ఒక్కటే అడిగిందట: "నా కాలు ఊరంతా చూడాలనా దావీదన్నా?"

ఆయన నా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. "ఆ అట్ట మీద ఆమె పేరుండాదమ్మా," అన్నాడంతే.

ఫోటోలన్నీ అక్కడికక్కడే తీసేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె చేసిన నంబరు ఆయన దగ్గర తీసుకుని ఆమెకు ఫోన్ చేశాను. "ఆయన వద్దనే చెప్పాడు టీచరమ్మా. నేనే చెప్పకుండా పెట్టాను. తప్పు నాది."

"మరి ఆయన, తప్పు తనదేనన్నాడే?" అంది. ఆ పెద్దాయన నా పేరు కూడా ఎత్తలేదన్నమాట. ఆమె ఫోన్ పెట్టేసింది. ఇక రాదనే అనుకున్నాం ఇద్దరం.

శనివారం మధ్యాహ్నం వస్తున్నానని దావీదన్నకు కబురు చేసింది. నేనూ వెళ్ళాను. ఆటో దిగి, ఒక చెయ్యి నడుము మీద వేసుకుని మెల్లగా లోపలికొచ్చింది. నా క్షమాపణ విని తల ఊపింది. దావీదన్న తలుపు దగ్గరికి వేశాడు. నేను బయటికి వెళ్ళబోతే ఆమె ఆపింది.

"నువ్వుండు. ఏం పెట్టినావో చూడాల కదా."

దావీదన్న కింద కూర్చుని, కొత్త అట్ట పరిచి, ఆమె పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని దాని మీద పెట్టాడు. పెన్సిలు తగలగానే ఆమె కాలు వెనక్కి లాక్కుంది. "అయిపోయింది, అయిపోయింది," అన్నాడాయన, పసిబిడ్డకు చెప్పినట్టు. ఆమె కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను.

లేచేటప్పుడు, కొట్టు గురించి జనం తమ అభిప్రాయం ఎక్కడ రాస్తారని నన్నడిగింది. రివ్యూ అంటారని చెప్పి, ఫోన్లో ఆ చోటు చూపించాను. కొత్త జత వచ్చిన వారానికి తన పేరు లేకుండా రాసింది:

"బస్టాండు నుంచి ఎడమపక్క మూడో సందు. ఆటో గుమ్మం దాకా వస్తుంది. మెట్లు లేవు. కూర్చోడానికి చేతుల కుర్చీ ఉంది. కొలత తీసేటప్పుడు తలుపు వేస్తారు."

ఇన్నేళ్ళ పనిలో అలాంటి నాలుగు ముక్కలు నేను ఒక్కసారీ రాయలేదు. కొట్టు ఎంత బాగా కనిపిస్తుందనే చూశాను. దాన్ని వెతుక్కునే మనిషికి ఏం భయమో, ఏం కావాలో అడగాలని తోచలేదు. ఆమెను అడిగి ఆ మాటల్నే లిస్టింగులో పెట్టాను. ఇప్పుడు ఏ కొట్టుకు వెళ్ళినా ముందు అడిగేది, "మీ దగ్గరికొచ్చేవాళ్ళు దేనికి మొహమాటపడతారు?" అనే.

ఆ నెలలోనే ఒకరోజు నేను కోవూరులో ఉండగా దావీదన్నకు తోటపల్లి గూడూరు నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో మగమనిషి, ఎప్పుడూ రాని మనిషి. చెప్పుల ధర అడగలేదు, ఎన్నాళ్ళకు ఇస్తారని అడగలేదు.

"తలుపేస్తారు కదా?" అన్నాడు.

"ఏస్తానయ్యా," అన్నాడు దావీదన్న. "నిదానంగా రాండి."