నవలలో లేని ఆమె

మంథని నుంచి పెద్దపల్లి పోయే బస్సులో నవల చివరి పేజీ చదివి కళ్లు తుడుచుకున్నాను. "ఎందుకేడుస్తున్నవు బిడ్డా?" అంది పక్క సీట్లోని ముసలామె. లోకం మారినా తాను మారనని పంతం పట్టి, చివరికి ప్రాణం తీసుకున్న మనిషి కథ అని చెప్పాను.

"మా ఇంటాయన గూడ గట్లనే. యక్షగానంల రాజు ఏషం గట్టేటోడు. ఊర్లకు వీడియోలొచ్చినంక ఎవ్వలు పిలువలే. ఇంకో పనికి పొమ్మంటే పోనన్నడు. ఓ పొద్దు మొకానికి రంగేసుకొని బాయిల దునికిండు."

పుస్తకం మూసి ఆమె వైపు తిరిగాను. ఆమే మళ్లీ అడిగింది.

"గా కథల ఆయన పోయినంక పెండ్లాం పిల్లలను ఎట్ల సాదిందని రాసిండ్రు?"

చివరి పేజీలు మళ్లీ తిరగేశాను. భార్య ప్రస్తావనే లేదు.

"ఏం రాయలేదవ్వా."

"నేనైతే నాట్లకు వోయి సాదిన," అంది, కిటికీలోంచి పొలాలు చూస్తూ.

ఆ నవల గొప్పదని అందరికీ చెబుదామనుకున్నాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.