అమ్మ చెయ్యి కింద నీలిగుడ్డ

కాగితాలూ గుడ్డముక్కలూ కత్తిరించి బొమ్మలుగా అంటించే ఆవిడకి ఒక మొండి పట్టింపు ఉంది: నకలు వాడదు. పాత ఫొటో అంటే ఆ పాత ఫొటోనే అంటించాలి. "నకలులో ప్రాణం ఉండదు" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేది. చివరికి ఆ పట్టింపే కొంప ముంచింది.

ఈసారి బొమ్మ చిన్నతనం మీద. అమ్మ ఇంట్లోనే మిషన్ కుట్టేది. కింద రాలిన ముక్కలతో అక్కా తనూ ఆడుకునేవారు. ఆ ముక్కలు దాచిన డబ్బాని అక్క ఇచ్చింది. దానితోపాటు, చిన్నప్పుడు అక్క అమ్మ ఒళ్ళో కూర్చున్న నలుపూ తెలుపూ ఫొటో కూడా. అమ్మతో అక్కకున్న ఫొటో అదొక్కటే.

"చూసుకుని జాగ్రత్తగా ఇచ్చెయ్యవే."

"సరేలే అక్కా, నేనేమైనా తినేస్తానా?"

తినలేదు, కత్తిరించింది. పని ఊపులో ఆవిడకి ఒళ్ళు తెలియదు. బొమ్మలో మిషన్ వెనక అమ్మ ఒక్కతే కావాలి, ఒళ్ళో పిల్ల అడ్డం. పిల్ల బల్ల కిందికి రాలి, మర్నాడు చెత్తతోపాటు ఊడ్చుకుపోయింది. అమ్మ చెయ్యి కింద మిగిలిన ఖాళీలో, రంగు కుదిరిందని ఒక నీలిగుడ్డ అంటించింది.

బొమ్మ ఆరాక గానీ ఏం చేసిందో తెలిసిరాలేదు. చెత్తబుట్ట బోర్లిస్తే ఉల్లిపొట్టు తప్ప ఏమీ లేదు. "నా బుద్ధి గడ్డి తింది" అని తిట్టుకుంటూ అక్కకి ఫోన్ చేసి, "ప్రదర్శనకి రా" అని మాత్రం చెప్పి పెట్టేసింది. అంత పిరికిది మరి.

అక్క వచ్చింది. బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. నాలుగు తగిలించినా బావుండును అనిపించింది పక్కనున్న చెల్లెలికి.

"నన్ను తీసేశావటే?" అంది అక్క మెల్లిగా.



అక్క కళ్ళజోడు సర్దుకుని దగ్గరికి వంగింది. "ఇది నా గౌను గుడ్డ కదే. ఆ ఫొటోలో వేసుకున్నదే. అమ్మ నాకు కుట్టిన మొదటి గౌను." కళ్ళు తుడుచుకుంది. "ఫొటోలో రంగే తెలియదు, అయినా నీకు గుర్తుంది చూడు. నా బదులు నా గౌనుని కూర్చోబెట్టావన్నమాట. కావాలనే పెట్టావు కదూ?"

చెల్లెలికి ఏ గౌనూ గుర్తులేదు. డబ్బాలో చేతికి తగిలిన ముక్క అది. ఆ మాటే చెబుదామని నోరు తెరిచింది.

"అవునక్కా" అంది.

ముట్టుకోవద్దని పక్కనే బోర్డు ఉంది. అక్క ఆ గుడ్డని వేలితో నిమురుతూనే ఉంది. చెల్లెలు బోర్డు వైపే చూస్తూ నిలబడింది.